బడి సిబ్బందికి ఆపద అభ్యాసం: చీటీల నుంచి మాక్ డ్రిల్ దాకా

వార్షికోత్సవంలో నాలుగు నిమిషాల డాన్సు కోసం మన బళ్ళల్లో వారాల తరబడి రిహార్సల్ చేయిస్తాం. వంటగదిలో గ్యాస్ లీకైతే ఎవరు ఏం చేయాలో మాత్రం ఒక్కరోజు కూడా చేసి చూడం. స్టాఫ్ రూము గోడకు ‘పాఠశాల భద్రతా కమిటీ’ అని ఒక చార్టు ఉంటుంది. అందులో ఉన్న పేర్లలో కొందరు ఎప్పుడో బదిలీ మీద వెళ్ళిపోయి ఉంటారు.

టీచర్లకు విషయం తెలియక కాదు. 108 అందరికీ తెలుసు. పాము కరిస్తే ఆస్పత్రికి తీసుకెళ్ళాలని ఒకటో తరగతి పిల్లాడూ చెప్తాడు. తేడా వచ్చేది ఎక్కడంటే, ఫోన్ ఇంకొకరు చేసే ఉంటారని ప్రతి ఒక్కరూ అనుకుంటారు. గేటు తాళం అటెండరు జేబులో ఉంటుంది, ఆయనేమో బ్యాంకు పని మీద వెళ్ళి ఉంటాడు. ఇలాంటివి చదివితే బయటపడవు, చేసి చూస్తేనే బయటపడతాయి. జరగని ఆపదను జరిగినట్టు అనుకుని, ఎవరి పని వాళ్ళు చేసి చూసుకోవడమే సిమ్యులేషన్. దీనికి పెద్ద ఖర్చేమీ లేదు. ఒక బల్ల, కొన్ని చీటీలు, గంట సమయం ఉంటే మొదలుపెట్టవచ్చు.

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటశాలలో పుట్టిన మంట గడ్డి కప్పుకు అంటుకుని 94 మంది పిల్లలు చనిపోయారు. ఆ తర్వాత వచ్చిన అవినాశ్ మెహ్రోత్రా కేసులో సుప్రీంకోర్టు 2009లో తీర్పు ఇస్తూ, బళ్ళల్లో మంటలార్పే పరికరాలు ఉండాలని, సిబ్బందికి వాటిని వాడటంలో శిక్షణ ఉండాలని చెప్పింది. జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ 2016లో ఇచ్చిన పాఠశాల భద్రతా మార్గదర్శకాల్లోనూ మాక్ డ్రిల్స్ ఉన్నాయి. అంటే ఇది ఇష్టముంటే చేసే అదనపు పని కాదు.

ఒక మాట ముందే చెప్పాలి. చాలా చోట్ల మాక్ డ్రిల్ అంటే గంట కొట్టి పిల్లల్ని గ్రౌండులోకి ఉరికించడమే. నా అభిప్రాయంలో అది తలకిందుల పద్ధతి. ముందు పెద్దవాళ్ళు, పిల్లలు లేనప్పుడు, తమలో తాము చేసి చూసుకోవాలి. సిబ్బందికి చేతనైన తర్వాతే పిల్లల దాకా వెళ్ళాలి.

మొదటి అడుగు: బడి చుట్టూ ఒకసారి నడవండి

పిల్లలు వెళ్ళిపోయాక సిబ్బంది అంతా కలిసి ఆవరణ మొత్తం తిరగాలి. అంతా అంటే వంట చేసే అమ్మలు, ఆయమ్మ, స్వీపరు, వాచ్‌మన్ కూడా. ఏ గది తలుపు లోపలికి తెరుచుకుంటుంది, ఏ కిటికీకి గ్రిల్లు ఉంది, వెనక గేటు తాళం తుప్పుపట్టి తెరుచుకోవడం లేదా, కరెంటు మెయిన్ ఎక్కడుంది, సిలిండరు ఎక్కడ పెడుతున్నారు, ఫోన్ సిగ్నల్ ఏ మూల అందుతుంది, అన్నీ చూసి రాసుకోండి. దేవరకొండ, అచ్చంపేట వైపు కొన్ని తండాల బళ్ళల్లో సిగ్నల్ కోసం ఆవరణ దాటాల్సి వస్తుంది. అలాంటి చోట ఫోన్ బాధ్యత ఉన్న టీచరు ఎక్కడ నిలబడి మాట్లాడాలో కూడా ఈ నడకలోనే తేలాలి.

మంటలార్పే సిలిండరు ఉంటే దాని మీటరు ముల్లు పచ్చ గీతలో ఉందా చూడండి. బీరువా వెనక ఉంటే బయటికి తీసి చేతికందే ఎత్తులో పెట్టండి.

తర్వాత బయటి సంగతి. 65వ నంబరు జాతీయ రహదారి మీద చిట్యాల, నార్కట్‌పల్లి, కట్టంగూరు, నకిరేకల్ వైపు బళ్ళకు రోడ్డు ప్రమాదమే మొదటి భయం. 44వ నంబరు రహదారి మీద జడ్చర్ల, భూత్పూర్, పెబ్బేరు వైపూ అంతే. హాలియా, మిర్యాలగూడ వైపు సాగర్ ఎడమ కాలువ ఉంది. అలంపూర్ ప్రాంతం 2009 అక్టోబరు వరదను మరిచిపోలేదు. మీ బడికి ఏది దగ్గరో దానితో మొదలుపెట్టండి. భూకంపం డ్రిల్ పుస్తకంలో ఉంది కదా అని అదే ముందు చేయాల్సిన పని లేదు.

పాము కాటు మందు ఏ ఆస్పత్రిలో రాత్రిపూట కూడా దొరుకుతుందో ఆస్పత్రికే వెళ్ళి అడిగి తెలుసుకోండి. దగ్గరున్న ఆస్పత్రి, మందున్న ఆస్పత్రి ఒకటే కాకపోవచ్చు.

రెండో అడుగు: పనులు పంచుకోండి, ప్రతి పనికీ ఇద్దరు

ఐదు పనులు తప్పనిసరి: నిర్ణయం తీసుకునేవారు, ఫోన్ చేసేవారు, ప్రథమ చికిత్స చూసేవారు, పిల్లల లెక్క తీసేవారు, గేటు దగ్గర ఉండేవారు. ప్రతి పనికీ ఒకరు, వాళ్ళు రాని రోజు ఇంకొకరు. హెచ్.ఎం. ఒక్కరే నాయకులనుకుంటే కుదరదు. మండల కేంద్రంలో మీటింగు అనో, చుట్టుపక్కల బళ్ళవాళ్ళంతా కలిసే కాంప్లెక్సు మీటింగు అనో ఆయన లేని రోజులు చాలా ఉంటాయి. ఆయన లేనప్పుడు ‘బడి ఖాళీ చేయండి’ అనే అధికారం ఎవరికుందో అందరిముందూ హెచ్.ఎం. నోటితోనే చెప్పించండి. కాగితం మీద రాసిన దానికంటే అలా చెప్పిన మాటకే విలువ ఎక్కువ.

ఇద్దరే టీచర్లున్న ప్రాథమిక బడి అయితే ఐదు పనులకు ఐదుగురు దొరకరు. అక్కడ వంట చేసే అమ్మను, పక్కనున్న అంగన్‌వాడీ టీచరును, అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలో బడికి దగ్గరగా ఉండే ఒక తల్లిని, బండి ఉన్న ఒక కిరాణా షాపు అన్నను ముందే అడిగి కలుపుకోవాలి. వాళ్ళు కూడా అభ్యాసంలో కూర్చోవాలి. పేరు రాసుకుంటే చాలదు.

మూడో అడుగు: బల్ల చుట్టూ చీటీలు

అసలు లాభమంతా ఇక్కడే ఉంది. ఒకరు నడిపించాలి, ఒకరు మాట్లాడకుండా పక్కన కూర్చుని గడియారం చూస్తూ రాసుకోవాలి. మిగతా అందరూ తమ సొంత పాత్రలోనే ఉండాలి. నడిపించేవారు ముందే చీటీలు రాసి పెట్టుకుని ఒక్కొక్కటే చదువుతారు. చదివాక ‘ఇప్పుడు మీరేం చేస్తారు?’ అని అడుగుతారు. ‘జాగ్రత్తలు తీసుకుంటాం’, ‘అధికారులకు సమాచారం ఇస్తాం’ లాంటి జవాబులు ఒప్పుకోకూడదు. ఎవరు, ఎవరికి, ఏ నంబరుకు, ఏ మాటలతో అని అడగాలి. నంబరు ఫోన్‌లో ఉందంటే తీసి చూపించమనాలి.

మధ్యాహ్న భోజనం మీద ఒక అభ్యాసం ఎలా నడుస్తుందో చూడండి. 2024 నవంబరులో నారాయణపేట జిల్లాలోని ఒక ప్రభుత్వ బడిలో భోజనం తిన్న పిల్లలు పదుల సంఖ్యలో ఆస్పత్రి పాలయ్యారు. కాబట్టి ఇది మనకు ఊహల్లో సంగతి కాదు.

మొదటి చీటీ: ‘మధ్యాహ్నం 1:20. ఏడో తరగతి అమ్మాయిలిద్దరు కుళాయి దగ్గర వాంతులు చేసుకుంటున్నారు. ఇంకా సగం మంది పిల్లలు లైన్లో ఉన్నారు.’ ఇక్కడ అందరి చూపూ ఆ ఇద్దరు పిల్లల మీదికే పోతుంది. వడ్డన ఆపమని ఎవరైనా అన్నారా, ఎన్నో నిమిషంలో అన్నారు అన్నది పక్కన కూర్చున్నవారు రాసుకోవాలి.

రెండో చీటీ: ‘1:30. ఇంకో తొమ్మిది మందికి కడుపునొప్పి. హెచ్.ఎం. మీటింగులో ఉన్నారు, ఫోన్ ఎత్తడం లేదు.’ ఇప్పుడు నిర్ణయం ఎవరిదో తేలుతుంది. పిల్లలకు ఉప్పు నీళ్ళు తాగించి వాంతి చేయిద్దామని ఎవరో ఒకరు తప్పకుండా అంటారు. అది చేయకూడదు. స్పృహ సరిగా లేని బిడ్డ నోట్లో ఏమీ పోయకూడదు, పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. మెలకువగా ఉండి తాగగలిగే పిల్లలకు ఓఆర్ఎస్ కొంచెం కొంచెంగా ఇవ్వవచ్చు.

మూడో చీటీ: ‘వంట అమ్మ గిన్నెలు తోమడానికి కూర పారబోయబోతోంది.’ ఆపాలి. అన్నం, కూర, నీళ్ళు విడివిడిగా మూతపెట్టి దాచాలి. డాక్టరుకు, ఆహార పరీక్షకు అవే ఆధారం.

నాలుగో చీటీ: ‘108 వచ్చింది. ఒక్క బండిలో అందరూ పట్టరు. పక్క ఊరి ఆటో, ఒక టీచరు కారు ఉన్నాయి.’ ఎవరు ముందు వెళ్ళాలి? ఏ బండిలో ఏ టీచరు? ఒక పుస్తకంలో పేరు, తరగతి, బయల్దేరిన సమయం, బండి, ఆస్పత్రి, వెంట వెళ్ళినవారు రాయాలి. ఈ పుస్తకం లేకపోతే సాయంత్రానికి ఒక తల్లి మూడు ఆస్పత్రులు తిరగాల్సి వస్తుంది.

ఐదో చీటీ గేటు దగ్గరి టీచరుకు. నడిపించేవారు తల్లిలా మాట్లాడాలి: ‘సార్, మా పిల్లగానికి ఏమైంది? ఎవ్వరు చెప్తలేరు. ఫోన్ చేస్తే ఎత్తుతలేరు. జర లోపలికి పోనియ్యి సార్.’ వెనకే ఇంకొకరు ఫోన్‌తో వీడియో తీస్తుంటారు. ‘ఏం లేదమ్మా, అంతా బాగుంది’ అనడం ఈ సమయంలో అన్నిటికన్నా చేటు చేసే జవాబు. తెలిసినంతవరకు నిజం చెప్పాలి: ‘అమ్మా, మీ బాబు 1:50కి ఫలానా ఆస్పత్రికి వెళ్ళాడు, సైన్సు సారు వెంట ఉన్నారు, ఈ నంబరుకు చేయండి.’ ఈ ఒక్క వాక్యం గట్టిగా అనేటట్టు సాధన చేయించండి. మొదటిసారి చాలామందికి గొంతు పెగలదు. అందుకే పదిమంది ముందు ఒకసారి అని ఉండటం అవసరం.

చివరి చీటీ: ‘4:10. ఆరో తరగతి హాజరులో ఒక అబ్బాయి తగ్గాడు.’ వాడు గొడవలో ఎవరికీ చెప్పకుండా ఇంటికి వెళ్ళిపోయి ఉంటాడు. అక్కడ ఒంటరిగా వాంతులు చేసుకుంటుంటాడు, తల్లిదండ్రులు పత్తి చేలో ఉంటారు. తిన్న ప్రతి బిడ్డనూ లెక్కలోకి తేవాలన్న సంగతి ఈ చీటీతోనే అర్థమవుతుంది.

ఈ అభ్యాసంలో వంట చేసే అమ్మలు తప్పకుండా ఉండాలనడానికి ఒక కారణం ఉంది. 2013 జూలైలో బీహార్‌లోని ఛప్రా ప్రాంతంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటలో పురుగుమందు కలిసింది. నూనె తేడాగా ఉందని వంట చేసినామె ముందే అన్నట్టు అప్పట్లో వార్తలొచ్చాయి. వడ్డించే ముందు టీచరు రుచి చూడాలన్న నిబంధన మనకుంది. దాంతో పాటు ‘సారూ, వాసన తేడాగుంది, ఇయ్యాల పెట్టొద్దు’ అని వంట అమ్మ అనగలగాలి, అన్నప్పుడు వినేవాళ్ళుండాలి. ఆ మాట ఆమె చేత అభ్యాసంలోనే అనిపించండి. హెచ్.ఎం. చేత ‘సరేనమ్మా, ఆపండి’ అని కూడా అనిపించండి.

హాస్టలున్న బళ్ళకు ఇంకో చీటీ

కస్తూర్బా బళ్ళు, గురుకులాలు రాత్రి సంగతి కూడా ఆడి చూడాలి. రాత్రి ఉండే సిబ్బంది తక్కువ. చీటీ ఇలా రాయండి: ‘తెల్లవారుజామున 4 గంటలు. నేల మీద పడుకున్న ఎనిమిదో తరగతి అమ్మాయి కడుపునొప్పి అంటోంది. కనురెప్పలు వాలిపోతున్నాయి, మాట ముద్దగా వస్తోంది. ఒంటి మీద ఎక్కడా గాటు కనబడటం లేదు.’

చాలామంది గ్యాస్ అంటారు, నెలసరి నొప్పి అంటారు, తెల్లారనివ్వండి అంటారు. కట్లపాము కాటు సరిగ్గా ఇలాగే ఉంటుంది. నొప్పి ఉండకపోవచ్చు, గుర్తూ కనిపించకపోవచ్చు. కానీ ఊపిరి తీసుకునే కండరాలు పడిపోతాయి. తెల్లారేదాకా ఆగితే ప్రాణం పోవచ్చు. ఈ ఒక్క చీటీ ఆడిన వార్డెనుకు ఆ లక్షణాలు జన్మలో మరపుకు రావు.

చేయాల్సింది కొంచెమే: బిడ్డను కదలనివ్వకుండా పడుకోబెట్టాలి. కాలికో చేతికో కాటు పడిందని తెలిస్తే దాన్ని చెక్కతో కట్టి కదలకుండా ఉంచాలి. గట్టిగా తాడు బిగించడం, కోయడం, నోటితో పీల్చడం, నాటుమందు పోయడం వద్దు. పామును వెతుకుతూ సమయం పోగొట్టకూడదు. మందున్న ఆస్పత్రికి బయల్దేరాలి. ఊరివాళ్ళు మంత్రం వేయిద్దామని పట్టుబడితే వార్డెన్ ఏమంటారో కూడా చీటీలో పెట్టండి, ఎందుకంటే అది నిజంగానే జరుగుతుంది.

మూర్ఛ వచ్చిన బిడ్డ మీద కూడా ఒక చిన్న చీటీ ఉండాలి. చేతిలో తాళాలు పెట్టడం, నోట్లో చెంచా దూర్చడం ఇంకా పోలేదు. తలకింద మెత్తటిది పెట్టి, పక్కకు తిప్పి, గడియారం చూడాలి. ఐదు నిమిషాలు దాటినా ఆగకపోతే ఆస్పత్రికి.

నాలుగో అడుగు: ఫోన్ సాధన

దీనికి పావుగంట చాలు. ఇద్దరు టీచర్లు వీపులు ఆనించుకుని కూర్చుంటారు. ఒకరు 108 ఆపరేటరు. రెండోవారు ‘మా బడి దగ్గరికి తొందరగా రండి’ అంటారు. ‘ఏ జిల్లా? ఏ మండలం? ఏ రోడ్డు మీద నుంచి లోపలికి రావాలి? ఎంతమంది? స్పృహ ఉందా? మిమ్మల్ని తిరిగి పిలవాలంటే ఏ నంబరు?’ అని ఆపరేటరు ఒక్కొక్కటే అడుగుతారు. కొత్తపల్లి అనే పేరుతో ఎన్ని ఊళ్ళున్నాయో మీకు తెలిసిందే, ఊరి పేరొక్కటే చెప్తే బండి ఎక్కడికో పోతుంది. ఈ జవాబులన్నీ ఒక అట్ట మీద పెద్ద అక్షరాలతో రాసి ఫోన్ దగ్గర అంటించండి. టెన్షన్‌లో సొంత మండలం పేరు కూడా నోటికి రాదు.

అభ్యాసం కోసం నిజంగా 108కి గానీ 112కి గానీ ఫోన్ చేయకూడదు. ఆ నిమిషంలో వేరేచోట ఎవరికో ఆ లైను అవసరం పడుతుంది.

ఐదో అడుగు: సిబ్బందితో నిజమైన డ్రిల్

రెండు మూడుసార్లు బల్ల దగ్గర ఆడాక ఆవరణలోకి రండి. మొదటిసారి నెమ్మదిగా, మాట్లాడుకుంటూ నడవండి. ‘ఇక్కడ నేను మెయిన్ ఆపుతాను’, ‘ఈ తలుపు నేను తెరుస్తాను’ అని ఎవరి పని వాళ్ళు చూపించాలి. రెండోసారి గడియారం పెట్టండి.

వంటగది గ్యాస్ లీక్ మంచి ఆరంభం. వంట అమ్మ ‘గ్యాస్ వాసన’ అని అరుస్తుంది. స్విచ్చి వేయకూడదు, ఆపకూడదు కూడా. రెగ్యులేటరు కట్టేసి, తలుపులు తెరిచి బయటికి రావాలి. ఎల్‌పీజీ గాలికంటే బరువు, నేల మీదే పరుచుకుంటుంది. కాబట్టి పక్కనున్న పల్లపు గదుల్లోని పిల్లల్నీ కదిలించాలి. మంట ఉందనుకుంటే మంటలార్పే పరికరం వాడే పద్ధతి ఇది: పిన్ను లాగి, గొట్టాన్ని మంట మొదలు వైపు పెట్టి, పిడి నొక్కి, అటూ ఇటూ ఊపాలి. చిన్న పరికరంలో పొడి నిమిషం కూడా రాదు. అంతలో ఆరకపోతే వదిలేసి బయటపడాలి. మరిగే నూనె అంటుకుంటే నీళ్ళు అసలే పోయకూడదు. ఫైర్ స్టేషన్ వాళ్ళను అడిగితే వచ్చి చేయించి చూపిస్తారు, టీచర్లందరి చేతా ఒకసారైనా పిన్ను లాగించండి.

పిల్లల లెక్క ఎలా తీస్తారన్నదే అన్నిటికన్నా పెద్ద పరీక్ష. ప్రతి తరగతికీ ఆ రోజు హాజరు ఎంతో ఒక చిన్న కాగితం మీద రాసి జేబులో పెట్టుకునే అలవాటు ఉంటే మంటల్లోకి రిజిస్టరు కోసం వెనక్కి పరిగెత్తాల్సిన పని ఉండదు.

భద్రత గురించి కచ్చితంగా ఉండండి. 2018 జూలైలో కోయంబత్తూరు దగ్గర ఒక కాలేజీ మాక్ డ్రిల్‌లో రెండో అంతస్తు నుంచి కింద పట్టుకున్న వల మీదికి దూకించబోతే ఒక విద్యార్థిని చనిపోయింది. అభ్యాసం కోసం ప్రాణం పోవడం కంటే ఘోరం లేదు. దూకడాలు, తాళ్ళతో దిగడాలు, నిజమైన మంటలు, పొగ బాంబులు బడి స్థాయిలో వద్దు. ‘ఆపు’ అని ఎవరన్నా డ్రిల్ అక్కడికక్కడే ఆగాలి. నిజంగా ఎవరికైనా దెబ్బ తగిలితే ‘ఇది నిజం’ అనే మాట వాడాలని ముందే చెప్పుకోండి. ఊరివాళ్ళకు, పోలీసు స్టేషనుకు ముందురోజే కబురు చేయండి, గేటుకు ‘మాక్ డ్రిల్ జరుగుతోంది’ అని కాగితం అంటించండి. లేకపోతే వాట్సాప్‌లో ఊరంతా పాకుతుంది, తల్లులు ఏడుస్తూ పరుగెత్తుకొస్తారు.

చెప్పకుండా భయపెట్టే డ్రిల్స్ నాకు అసలు ఇష్టం లేదు. ఉత్తుత్తి ఆయుధంతో ఎవరో లోపలికి వచ్చినట్టు నటించడం వంటివి సిబ్బందికి ఏమీ నేర్పవు, కొందరికి నెలల తరబడి నిద్ర లేకుండా చేస్తాయి. ఇంట్లో ఎవరినైనా ప్రమాదంలో పోగొట్టుకున్న సహోద్యోగి ఉంటే ఆ రోజు వాళ్ళను రాసుకునే పనిలో పెట్టండి, కారణం అడగొద్దు.

ఆరో అడుగు: వెంటనే కూర్చుని మాట్లాడుకోవాలి

డ్రిల్ అయిన అరగంటలోపే, టీ తాగుతూ, అదేరోజు. ముందు వంట అమ్మ, ఆయమ్మ, వాచ్‌మన్ మాట్లాడాలి, హెచ్.ఎం. చివర. పెద్దవాళ్ళు మొదట మాట్లాడితే మిగతావాళ్ళు ‘అవును సార్’ అని ఊరుకుంటారు. నాలుగు ప్రశ్నలు చాలు: ఏం జరిగింది, ఎక్కడ ఆగిపోయాం, ఏది బాగా కుదిరింది, రేపు ఏం మార్చాలి. ‘నువ్వు ఆలస్యం చేశావు’ అని ఒక్కమాట వచ్చినా ఇకమీదట ఎవరూ నిజం చెప్పరు. ‘ఫోన్ నాలుగో నిమిషంలో వెళ్ళింది, ఎందుకని?’ అని అడగండి.

మార్చాల్సినవి మూడు దాటొద్దు. ప్రతిదాని పక్కనా ఒక పేరు, ఒక తేదీ. ‘వెనక గేటు తాళం మార్చాలి, పీఈటీ సారు, శుక్రవారం లోపు.’ పరికరం నింపించడం లాంటి డబ్బు ఖర్చయ్యే పని అయితే ఆ కాగితాన్నే ఎంఈవో (మండల విద్యాధికారి) గారికి జతచేసి పంపండి.

ఎప్పుడెప్పుడు

జూన్‌లో బళ్ళు తెరిచినప్పుడు పాము, పిడుగు. పిడుగు హెచ్చరికలకు ‘దామిని’ యాప్ ఒకటి ఫోన్‌లో ఉంచుకోండి. ఉరుము వినబడితే గ్రౌండు ఖాళీ చేసి, పిల్లల్ని చెట్టుకింద నిలబెట్టకుండా గదుల్లోకి తేవాలి. వార్షికోత్సవానికి ముందు స్టేజీ వైర్లు, షామియానా, బయటికి దారి. 1995లో హర్యానాలోని డబ్వాలీలో బహుమతుల సభ మండపానికి మంట అంటుకుని 400 మందికి పైగా చనిపోయారు, ఒకే ఇరుకు గేటు ఉండటమే అందుకు పెద్ద కారణం. మార్చి నుంచి ఒంటిపూట బడుల్లో వడదెబ్బ మీద ఒక చీటీ చాలు. బల్ల దగ్గరి అభ్యాసం రెండు నెలలకోసారి, డ్రిల్ ఏడాదికి రెండుసార్లు చేయగలిగితే మంచిది. పరీక్షల నెలలో కుదరకపోతే కాంప్లెక్సు మీటింగులో ఒక్క చీటీ చదివి పది నిమిషాలు మాట్లాడినా సరిపోతుంది.

బదిలీ మీద కొత్త టీచరు వచ్చినప్పుడు జాయినింగు రిపోర్టు తీసుకున్న రోజే వెంట తిప్పి కరెంటు మెయిన్, గేటు తాళం, ఓఆర్ఎస్ పెట్టె చూపించండి. వెళ్ళిపోయినవారి పేరు కొట్టేసి కొత్తవారి పేరు, నంబరు చార్టు మీద అప్పుడే రాసేయండి.